అమ్మ కంటికి సరిపడే టీవీ

పెద్ద టీవీ అనగానే అది పట్టణము వారి సంగతి, మనకెందుకులే అని ప్రియ పాఠకులు పేజీ తిప్పవద్దని మా మనవి. తెనాలి, రేపల్లె వంటి ఊళ్ళ షాపులలో కూడా ఇప్పుడు 65, 75 అంగుళాల టీవీలు గోడ పొడవునా వరుసగా నిలబెట్టి ఉంటున్నాయి. పెండ్లికని, కొత్త ఇంటికని, పంట డబ్బు చేతికి వచ్చిందని మన పల్లెల వారే వాటిని కొంటున్నారు. షాపులో అడుగు పెట్టగానే మనలను అడిగే ప్రశ్నలు రెండే. "ఎంతలో చూపించమంటారు?" "ఏ ప్యానెల్ కావాలి?" ఆ టీవీని ఇంట్లో ఎవరు చూస్తారు, ఎంత దూరములో కూర్చుంటారు, వారి కండ్లు ఎలా ఉన్నాయి అని అడిగిన వారు మాకు ఒక్కరు కూడా తగలలేదు. మా ఇంట్లో మాత్రము ఆ మూడు ప్రశ్నలతోనే మొదలు పెట్టవలసి వచ్చింది.

మేము నలుగురము. మాలో పెద్దవాడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి. రెండవ ఆమె విజయవాడలో నర్సు. మూడవవాడు తెనాలికి దగ్గరలోని మా ఊళ్ళోనే అమ్మానాన్నల దగ్గర ఉండి వ్యవసాయము చేస్తున్నాడు. చిన్నది పెండ్లయి అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నది. నాన్న రిటైరైన బడిపంతులు. అమ్మకు 74 సంవత్సరాలు.

అమ్మకు కంటిలో శుక్లాలు ఎప్పుడో తీయించాము. ఇప్పుడున్నది అది కాదు. కంటి లోపల వెనుక ఉండే పొరలో నడిమి భాగమును మాక్యులా అంటారు. సూటిగా చూసే చూపంతా ఆ చిన్న చోటి మీదనే ఆధారపడి ఉంటుంది. వయసు మీద పడినప్పుడు కొందరికి అది అరిగిపోతుంది. చుట్టూ చూపు ఉంటుంది, నడుమ మాత్రము మసక మచ్చ. అందుచేత అమ్మ ద్వారబంధము తగలకుండా ఇల్లంతా తిరుగుతుంది, బియ్యము ఏరలేదు. వాకిట్లో కోడిపిల్లను చూస్తుంది, ఎదురుగా నిలబడిన మనిషి ముఖము గుర్తు పట్టలేదు. అమ్మకు వచ్చిన రకములో పోయిన చూపును తిరిగి తెచ్చే వైద్యము లేదని డాక్టరుగారు చెప్పారు. ఉన్న చూపును ఎంత వాడుకోగలిగితే అంత వాడుకోనివ్వండి అన్నారు.

2014లో కొన్న 32 అంగుళాల టీవీకి మూడు అడుగుల దూరములో పీట వేసుకుని అమ్మ కూర్చునేది. "అంత దగ్గరగానా? ఉన్న కండ్లు కూడా పోతాయి" అని నాన్న కేకలు వేసేవారు. దగ్గరగా కూర్చున్నందువలన కన్ను చెడిపోదని, ఆమెకు అదే సరియైన పద్ధతి అని డాక్టరుగారు చెప్పిన తరువాత ఆ కేకలు ఆగాయి గాని, మరొక ఇబ్బంది మిగిలే ఉంది. అమ్మ పీట వేసుకుంటే వెనుక వారికి టీవీ కనబడదు. అందుకని అందరూ చూసేటప్పుడు ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. డాలస్ నుండి చిన్నది ఫోనులో పాపను చూపిస్తే, "గొంతు పాపదే, ముఖమే తెలియడము లేదమ్మా" అనేది. ఆ మాట మా నలుగురి చెవిలోనూ పడింది. మనిషికి 40,000 చొప్పున 1,60,000 రూపాయలు పోగు చేసి మంచి టీవీ కొందామని 2025 ఆగస్టులో అనుకున్నాము.

ఇక పేర్ల గొడవ. మాలో పెద్దవాడు మొదటి రోజే ఓఎల్‌ఈడీ తప్ప వేరే మాట వద్దన్నాడు. షాపు వారు క్యూఎల్‌ఈడీ అన్నారు. పక్క షాపు వారు మినీ ఎల్‌ఈడీ అన్నారు. ఒక అక్షరము తేడాతో వేలకు వేలు మారుతుంటే మనబోటి వారికి తల తిరుగుతుంది. మేము తెలుసుకున్నంత వరకు చెబుతాము.

ఎల్‌ఈడీ టీవీ అని మనము పిలిచేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. వెనుక దీపాలు వెలుగుతూ ఉంటాయి. ముందున్న ద్రవ స్ఫటికాల పొర లక్షలాది చిన్న కిటికీ రెక్కల వలె తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ వెలుగును వదులుతుంది, ఆపుతుంది. ఎంత బిగించి మూసినా రెక్కల సందున కొంత వెలుగు కారుతుంది గనుక చీకటి రాత్రి దృశ్యము బూడిద రంగులో కనబడుతుంది. క్యూఎల్‌ఈడీ అన్నది కూడా ఇదే జాతి. దీపాలకు, తెరకు నడుమ క్వాంటమ్ చుక్కలనే అతి సూక్ష్మ రేణువుల పొర ఒకటి చేర్చుతారు. అవి నీలి వెలుగును స్వచ్ఛమైన ఎరుపుగా, పచ్చగా మార్చుతాయి. ఆ రేణువులను కనుగొని, తయారు చేసే విధానమును రూపొందించినందుకు మౌంగి బవెండి, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్రములో నోబెల్ బహుమతి ఇచ్చారు. శాస్త్రము గొప్పదే, కాని ఆ పేరు ఓఎల్‌ఈడీకి తోబుట్టువు వలె వినబడుట వలన కొనేవారు తికమక పడుతున్నారు. ఆ రెండింటికీ చుట్టరికము లేదు.

మినీ ఎల్‌ఈడీలో వెనుక దీపాలు చాలా చిన్నవి, చాలా ఎక్కువ. వాటిని గుంపులుగా విడదీసి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ గుంపును తగ్గించి, వెలుగున్న చోట పెంచుతారు. ఎన్ని గుంపులుంటే అంత మేలు. షాపులో ఈ లెక్క అడిగితే చెప్పగలవారు చెబుతారు, చెప్పలేనివారు మాట మార్చుతారు. ఓఎల్‌ఈడీలో వెనుక దీపమే ఉండదు. ప్రతి చుక్క తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. ఆరితే కాటుక నలుపే. కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు దీనికి దారి చూపే వ్యాసమును 1987లో ప్రకటించారు. ఎల్‌జీ వారి 55 అంగుళాల ఓఎల్‌ఈడీ టీవీ 2013లో అమ్మకానికి వచ్చింది. పక్క నుండి చూసినా రంగు పాలిపోకుండా ఉండడములో దీనికి సాటి లేదు. మా పెద్దవాని మాట ఆ మేరకు న్యాయమైనదే.

అయితే మా హాలు ఉంది. 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. తూర్పు వైపు వీధి తలుపు తెల్లవారింది మొదలు పొద్దు గుంకే వరకు తెరిచే ఉంటుంది. పల్లెలో తలుపులు వేసుకుని తెరలు దించుకుని టీవీ చూసేదెవరు? అంత వెలుగులో ఓఎల్‌ఈడీ కాటుక నలుపు చాలావరకు కొట్టుకుపోతుంది, తెర మీద వీధి ప్రతిబింబము కనబడుతుంది. అమ్మ వంటి కంటికి కావలసినది మంచి వెలుగు. పైగా నాన్న ఉదయము 6 గంటల నుండి 10 వరకు ఒకే వార్తల చానెల్ పెడతారు. మూలన ముద్ర, కింద ఎర్ర పట్టీ కదలకుండా అలాగే ఉంటాయి. ఓఎల్‌ఈడీలో ఎక్కువగా వెలిగిన చుక్కలు త్వరగా అరుగుతాయి గనుక, సంవత్సరాల తరబడి ఇలా చూస్తే ఆ పట్టీ నీడ తెరపై నిలిచిపోయే అవకాశమున్నది. మునుపటి కన్న ఇప్పుడు ఇది బాగా తగ్గిందన్న మాట నిజమే. అయినా నాన్న చానెల్ మార్చుతారన్న నమ్మకము మాకెవరికీ లేదు.

ప్యానెల్ సంగతి ఇంతటితో ఆపి, మేము ఎక్కువ కాలము పట్టుకుని కూర్చున్న లెక్కకు వస్తాము. నాన్నయే కాగితము మీద వేసి చూపించారు. కంటికి ఒక వస్తువు ఎంత పెద్దదిగా కనబడుతుందన్నది దాని కొలత ఒక్కటే చెప్పదు, దూరము కూడా చెబుతుంది. దూరము సగమైతే వస్తువు రెండింతలుగా కనబడుతుంది. అమ్మ 32 అంగుళాల టీవీని 3 అడుగుల నుండి చూస్తున్నది. తెర ఎంత పెద్దదైతే అదే బొమ్మ అంతే పెద్దదిగా ఎంత దూరము నుండి కనబడుతుంది? 55 అంగుళాలైతే 5 అడుగులు దాటి కొంచెము. 65 అయితే 6 అడుగులు. 75 అయితే 7 అడుగులు. మా హాలులో నాన్న పడక కుర్చీ ఉన్నది సరిగ్గా 7 అడుగుల దగ్గర. అంటే 75 అంగుళాల టీవీ కొంటే అమ్మ పీట మీద నుండి లేచి, నాన్న పక్కన కుర్చీలో అందరితో పాటు కూర్చుని, ఇప్పుడు చూస్తున్నంత చూడగలుగుతుంది. మరి కొంచెము కావాలంటే కుర్చీ ముందుకు జరుపుకుంటుంది. ఈ లెక్క తేలిన తరువాత మాకు కొనవలసినది టీవీ కాదు, ఆ నాలుగు అడుగులు అని అర్థమైంది.

అంగుళాల మాట వచ్చింది గనుక ఒక సంగతి. టీవీ కొలత మూల నుండి మూలకు. 75 అంగుళాలంటే తెర వెడల్పు 166 సెంటీమీటర్లు, అనగా దాదాపు అయిదున్నర అడుగులు. ఎత్తు 93 సెంటీమీటర్లు. షాపులో ఎత్తైన కప్పు కింద చిన్నదిగా కనబడి, ఇంటికి వచ్చాక గోడంతా ఆక్రమిస్తుంది. మేము పాత వార్తాపత్రికలను ఆ కొలతకు అతికించి గోడకు మేకులతో తగిలించి రెండు రోజులు ఉంచాము. ఖర్చు లేని ఈ పనిని అందరికీ సిఫారసు చేస్తాము. చూపు బాగున్నవారికి తెర కొలతకు ఒకటిన్నర రెట్ల దూరము హాయిగా ఉంటుంది. ఆ ప్రకారము 75కు తొమ్మిదిన్నర అడుగులు, 65కు 8 అడుగులు, 55కు 7 అడుగుల లోపు.

షాపు వారు 8కె గురించి కూడా చెప్పారు. 4కె తెరలో అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు, మొత్తము దాదాపు 83 లక్షలు. మనకు వచ్చే మామూలు చానెళ్ళ బొమ్మలో 720కి 576, అంటే నాలుగు లక్షల పైచిలుకు మాత్రమే. వచ్చిన ఒక్క చుక్కను టీవీ ఇరవై చుక్కలుగా సాగదీయాలి. పిండి చాలక చపాతీని పలుచగా వత్తినట్లే. అందుచేత పెద్ద తెర మీద మామూలు చానెల్ అలికినట్లు కనబడి, టీవీ చెడ్డదని కొందరు గొడవ పెట్టుకుంటారు. హెచ్‌డీ చానెళ్ళు తీసుకుంటే చాలావరకు బాగుపడుతుంది. 8కెలో మూడు కోట్లకు పైగా చుక్కలున్నా, మన ఇండ్లలో కూర్చునే దూరము నుండి మంచి కన్నుకు కూడా ఆ తేడా తెలియదు. దాని జోలికి మేము పోలేదు.

సెప్టెంబరు రెండవ వారములో అమ్మను వెంటబెట్టుకుని విజయవాడలో ఒక పెద్ద షాపుకు వెళ్ళాము. మాలో పెద్దవాడు హైదరాబాదు నుండి వచ్చాడు. టేపు తీసుకువెళ్ళాము. షాపులో అన్ని టీవీలలోనూ పూలు, చిలుకలు, సముద్రము. ఏ టీవీలోనైనా చిలుక అందముగానే ఉంటుంది. "బాబూ, మా ఇంట్లో చిలుకలు రావు. వార్తలు పెట్టు" అన్నారు నాన్న. కొంచెము విసుక్కున్నా ఆ అబ్బాయి మంచివాడు, చానెల్ పెట్టాడు. 65 అంగుళాల ఓఎల్‌ఈడీ, 75 అంగుళాల మినీ ఎల్‌ఈడీ పక్కపక్కనే ఉన్నాయి. 7 అడుగులు కొలిచి కుర్చీ వేయించాము. "మామ్మగారూ, ఇటు కూర్చోండి" అని ఆ అబ్బాయే చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

చిన్నది డాలస్ నుండి పాప వీడియో ఒకటి పంపింది. దానిని పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాము. ఫోను అడ్డముగా పట్టుకుని తీయమని ముందే చెప్పాము, నిలువుగా తీస్తే టీవీలో నడుమ సన్నని పట్టీయే వస్తుంది. పాపకు ముందు పన్ను ఊడింది. ఆ సంగతి అమ్మకు ఎవరమూ చెప్పలేదు. మొదట ఓఎల్‌ఈడీలో వేశాము. మా కండ్లకు అది అద్భుతముగా ఉంది, పాప బుగ్గ మీద వెలుగు కూడా తెలిసింది. అమ్మ తల కొంచెము పక్కకు తిప్పి, ఆమె అలవాటు ప్రకారము ఓరగా చూసి, "పాపే. గౌను ఎర్రది" అన్నది. తరువాత మినీ ఎల్‌ఈడీలో వేశాము. ఇక్కడ రంగులు ఒక పిసరు ముతక, పాప జుట్టు చుట్టూ సన్నని వెలుగు వలయము వంటిది మాకు కనబడింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "దీనికి పన్ను ఎప్పుడూడిందిరా? చెప్పలేదేమిటి?" అన్నది.

మాలో పెద్దవాడు ఓఎల్‌ఈడీ మాట మరి ఎత్తలేదు.

పక్క నుండి చూసే పరీక్ష కూడా చేశాము. నాన్న కుర్చీ ఉండే వైపుకు టేపుతో కొలిచి నిలబడితే రంగు కొద్దిగా పాలిపోయింది. నాన్న చూసి "వార్తలకు చాలులే" అన్నారు. కొందరి ఇండ్లలో మంచము గోడ వారన ఉంటుంది. అలాంటివారు ఈ పరీక్ష తప్పక చేయాలి, అక్కడ ఓఎల్‌ఈడీయే మేలు కావచ్చును.

ధర విషయములో మాకు కాలము కలిసి వచ్చింది. 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుండి 18 శాతానికి తగ్గుతుందని సెప్టెంబరు 3న ప్రకటించారు, అది 22వ తేదీ నుండి అమలులోకి వచ్చింది. పది శాతము తగ్గింది గనుక నూటికి పది రూపాయలు తగ్గుతాయని ఊళ్ళో అందరూ అన్నారు. నాన్న ఒప్పుకోలేదు. అసలు ధర 100 అయితే మునుపు 128, ఇప్పుడు 118. 128కి పది తగ్గితే నూటికి ఎనిమిది కూడా కాదు. షాపులో మాకు మొదట చెప్పిన 1,28,000 సరిగ్గా 1,18,000 అయింది. ఓఎల్‌ఈడీ 1,66,000 నుండి 1,53,000కు దిగింది. వడ్డీ లేని వాయిదాలు అన్నారు గాని, రొక్కము ఇచ్చేవారికి తగ్గించే మొత్తము వాయిదాల వారికి తగ్గించరు. ఆ తేడా పేరే వడ్డీ. దానికి తోడు ఫీజు ఒకటి ఉంటుంది. మేము రొక్కమే ఇచ్చాము.

మా మూడవవాని వాటా దగ్గర మాత్రము ఇంట్లో రెండు రోజులు ఎవరికీ సరిగ్గా అన్నము సహించలేదు. సెప్టెంబరు అంటే వరికి ఎరువులు వేసే నెల, చేతిలో డబ్బు ఉండదు. నీ వాటా మేము పెట్టుకుంటామని ముగ్గురము అన్నాము. వానికి కష్టము తోచింది. అమ్మను రోజూ చూసుకునేది తాను, టీవీకి మాత్రము పరాయివాడా? భార్య గొలుసు బ్యాంకులో పెడతానని బయలుదేరాడు. అమ్మకు తెలిస్తే టీవీ గుమ్మము దాటనివ్వదని నాన్న ఆపారు. చివరకు నాన్నయే కాగితము తీసి రెండు వైపులా రాశారు. టీవీ ఒక వైపు. స్టెబిలైజరు, అయిదున్నర అడుగుల బల్ల, ఎర్తింగ్ బాగు చేయించడము, విజయవాడ నుండి తెచ్చే ట్రాలీ కిరాయి, నెల నెలా నెట్ బిల్లు, హెచ్‌డీ చానెళ్ళ బిల్లు మరొక వైపు. టీవీ ముగ్గురిది, మిగిలినదంతా నాలుగవవానిది. రెండవ వైపు మొత్తము నాలుగు సంవత్సరాలలో 40,000 దాటుతుందని చూసి వాని ముఖము విప్పారింది.

ట్రాలీలో పెట్టెను పడుకోబెట్టకుండా నిలువుగానే కట్టి తెచ్చాడు. పడుకోబెడితే మన రోడ్ల కుదుపుకు తెర చిట్లుతుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ గోడ మీద ఎత్తుగా తగిలిద్దామన్నాడు, అందరూ అలాగే పెట్టించుకుంటున్నారట. మెడ ఎత్తి చూడవలసిన పని అమ్మకు వద్దని, తెర మధ్య భాగము కూర్చున్నవారి కంటి ఎదురుగా వచ్చేటట్లు బల్ల మీదనే పెట్టించాము. మెనూలో అక్షరాలను పెద్దవి చేయించాము. రిమోటులో అమ్మకు కావలసిన రెండు మీటల మీద చిన్న బొట్టుబిళ్ళలు అతికించాము, వేలికి తగిలి తెలుస్తాయి.

ఆదివారము ఉదయము 7 గంటలకు డాలస్‌లో శనివారము రాత్రి. ఆ వేళ చిన్నది ఫోను చేస్తే మా మూడవవాడు దానిని టీవీకి కలుపుతాడు. అప్పుడు మాత్రము అమ్మ కుర్చీ నాలుగు అడుగుల దగ్గరకు జరుపుకుంటుంది. మిగిలిన రోజులు నాన్న పక్కనే. పాత 32 అంగుళాల టీవీ పిల్లల గదిలోకి వెళ్ళింది. నాన్నకు మాత్రము ఒక ఫిర్యాదు ఉంది. వార్తలు చదివే అబ్బాయి ముఖము మన ద్వారమంత అయ్యిందట, ఉదయాన్నే అంత ముఖము చూడలేకపోతున్నారట. "నాకు ఇప్పుడే కనబడుతున్నాడు, ఉండనివ్వండి" అంటుంది అమ్మ.